పదకొండు డిగ్రీల హాజరు

శనివారం సాయంత్రం నాలుగు గంటల ముప్పై ఒక్క నిమిషానికి ఆకాశంలోంచి ఒక బొమ్మ రాబోతోంది.

ఆ సంగతి పేడాడ కూర్మారావుకి మూడు వారాల ముందే తెలుసు. ఆ బొమ్మ రావడానికి రెండు నిమిషాలు పడుతుందని తెలుసు. ఆ రెండు నిమిషాలూ తను రేడియో ముందు లేకపోతే అది మళ్ళీ రాదనీ తెలుసు. తెలియనిది ఒక్కటే. ఆ బొమ్మ కోసం తను ఒక డిప్యూటీ డైరెక్టరు ముక్కు పట్టుకోవలసి వస్తుందని.

కూర్మారావు ఉప్పు మడుల తనిఖీ శాఖ జిల్లా ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. నలభై ఎనిమిదేళ్ళు. అది ఉద్యోగం సంగతి. బతుకు మాత్రం ఇంటి డాబా మీద ఉండేది. డాబా మీద ఒక యాంటెన్నా, దాని కింద గదిలో ఒక రేడియో సెట్టు, గోడకి ఫ్రేము కట్టించిన హామ్ రేడియో లైసెన్సు. ఆ లైసెన్సు ఉన్నవాళ్ళు చాలామంది రేడియోలో మాట్లాడుకుంటారు. కూర్మారావుకి మాటలమీద మోజు లేదు. అతను బొమ్మలు పడతాడు.

అదెలాగంటే, పంపేవాళ్ళు బొమ్మని పైనుంచి కిందకి సన్నటి అడ్డగీతలుగా చీల్చి, ఒక్కో గీతనీ ఒక్కో కూతగా మార్చి గాలిలోకి వదుల్తారు. ఇవతల రేడియోలో ఆ కూత వినిపిస్తుంది. కంప్యూటరు దాన్ని విని, గీత కింద గీత పరుచుకుంటూ పోతుంది. రెండు నిమిషాలకి బొమ్మ పూర్తవుతుంది. కూర్మారావుకి అది సంగీతం. పక్కింటివాళ్ళకి మాత్రం పిల్లి తోకని ఎవరో తీరిగ్గా తొక్కుతున్నట్టు ఉంటుంది.

భూమి చుట్టూ తిరిగే అంతరిక్ష కేంద్రంలోంచి ఈమధ్య అలా పన్నెండు బొమ్మలు వరసగా పంపుతున్నారు. కూర్మారావు పదకొండు పట్టాడు. పదకొండూ అచ్చువేయించి గోడకి తగిలించాడు. పన్నెండోదాని కోసం మేకు కూడా కొట్టేశాడు.

"ఆ ఒక్కటీ ఇంటర్నెట్లో దొరుకుద్ది కదండీ. తీసి తగిలించుకోరాదా?" అంది అతని భార్య హేమసుందరి, ఆ ఖాళీ మేకుకి తువ్వాలు తగిలిస్తూ.

"అది వేరేవాడు పట్టిన చేపని చేత్తో పట్టుకుని ఫోటో దిగడం లాంటిదే" అన్నాడు కూర్మారావు, తువ్వాలు తీసేస్తూ.

శనివారంతో బొమ్మలు పంపడం ఆపేస్తారు. మన తీరం మీదుగా ఆఖరి చుట్టు నాలుగు ముప్పై ఒకటికి. అన్నీ సిద్ధంగా ఉన్నాయి, యాంటెన్నా తప్ప. యాంటెన్నా ఇప్పుడు డాబా మీద లేదు. ఆఫీసు మీద ఉంది.

అక్కడికెలా వెళ్ళిందో చెప్పాలి.

* * *

మూడు వారాల క్రితం రాష్ట్ర కార్యాలయం నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. ఇకపై ప్రతి ఉద్యోగీ తను పనిచేసే చోటునుంచే రోజుకి రెండుసార్లు, వచ్చినప్పుడూ వెళ్ళేటప్పుడూ, తన ఫోటో పంపి హాజరు వేయించుకోవాలి. ఫోటో లేనివాడు లేనట్టే.

జిల్లా ఆఫీసు పెద్ద వేమకోటి పరబ్రహ్మంగారికి చెమట పట్టింది. ఆయన డిప్యూటీ డైరెక్టరు. రెండు వేళ్ళ మధ్య పొడుం పట్టి పీల్చి, ఆపైన తుమ్మి, ఆ తరవాతగానీ ఏ కాగితం మీదా సంతకం పెట్టని మనిషి. ఆయన కింద యాభైముగ్గురు సిబ్బంది ఇరవై రెండు కిలోమీటర్ల అవతల ఉప్పు మడుల క్యాంపులో పనిచేస్తారు. అక్కడ ఉప్పుంది, ఎండ ఉంది, కొంగలున్నాయి. ఫోను సిగ్నల్ లేదు.

సరిగ్గా ఆ రోజే కూర్మారావు తన పదకొండో బొమ్మని మురిపెంగా ఆఫీసుకి తెచ్చి బల్లమీద పెట్టుకున్నాడు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో అతను చేసిన తప్పు అదొక్కటే.

"ఇదేమిటి?" అన్నారు పరబ్రహ్మంగారు.

"బొమ్మ సార్. ఆకాశంలోంచి పట్టాను."

"సిగ్నల్ లేకుండానా?"

"ఫోను సిగ్నల్ అక్కర్లేదు సార్. కూతమీద వచ్చేస్తుంది."

పరబ్రహ్మంగారు వెళ్ళి గది తలుపు మూసి వచ్చారు. కూర్మారావుకి ఆ తలుపు చప్పుడులోనే ఏదో కీడు వినిపించింది.

"క్యాంపులో ఈ కూత కూయించగలవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

ఉన్నారు. క్యాంపు ల్యాబులో ఉప్పు నాణ్యత పరీక్షించే చింతాడ కుసుమ. కూర్మారావు దగ్గరే నేర్చుకుని, పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకుంది. అబద్ధం చెప్పడం చేతకాక కూర్మారావు ఆ పేరు చెప్పేశాడు. వెంటనే నాలిక కరుచుకుని, దారి మూసెయ్యాలని చూశాడు.

"కానీ సార్, ఈ లైసెన్సు హాబీకి మాత్రమే. ఆఫీసు పనికి వాడితే నేరం. రూలు స్పష్టంగా ఉంది."

పరబ్రహ్మంగారు పొడుం పీల్చారు. తుమ్మారు. ఆయన ముఖం వెలిగింది.

"కూర్మారావు! మనం చేసే తనిఖీ వల్ల ఫలానావాళ్ళకి ఫలానా మేలు జరిగిందని మన రికార్డుల్లో ఎక్కడైనా ఉందా?"

కూర్మారావు నిజాయితీగా ఆలోచించాడు. "లేదండి."

"మానేస్తే ఎవరైనా అడుగుతారా?"

"అడగరండి."

"ఎవరికీ పనికిరాకపోయినా, ఎవరూ అడగకపోయినా, మనిషి రోజూ చేసే పనిని ఏమంటారు?"

"హాబీ అంటారు సార్."

సాయంత్రానికి ఆర్డరు తయారైంది. 'ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, ఉప్పు మడుల తనిఖీ అనునది ఈ జిల్లా సిబ్బంది యావన్మంది ప్రతిఫలాపేక్ష లేక, కేవలం ఆత్మసంతృప్తి నిమిత్తము చేయుచున్న హాబీగా నేటినుండి పరిగణించబడును. సదరు హాబీకి ఆలస్యముగా వచ్చువారిపై కఠిన చర్య తీసుకొనబడును.'

మర్నాడు నలుగురు మనుషులొచ్చి కూర్మారావు డాబా మీది యాంటెన్నా విప్పుకుని ఆఫీసు డాబాకి పట్టుకుపోయారు. 'తాత్కాలికంగా' అని రసీదు ఇచ్చారు. ప్రభుత్వంలో ఆ మాటకి అర్థమేమిటో కూర్మారావుకి ఎవరూ చెప్పనక్కర్లేదు. అతనే ఇరవై రెండేళ్ళుగా ఆ మాట వాడుతున్నాడు.

* * *

మొదటిరోజు ఉదయం పదింటికి కూత మొదలైంది.

మనిషికి రెండు నిమిషాల బొమ్మ. ఆ మనిషి లేచి ఇంకో మనిషి నిలబడడానికి ఒక నిమిషం. యాభైముగ్గురు అయ్యేసరికి పన్నెండు నలభై అయింది. భోజనాలు చేసి చేతులు కడుక్కునేలోపు రెండున్నరైంది. వెళ్ళే హాజరు మొదలైంది. అది ముగిసేసరికి అయిదూ పది. క్యాంపులో ఆ రోజు ఎవ్వరూ ఉప్పు మొహం చూడలేదు.

"హాజరు నూటికి నూరు శాతం! పని ఎప్పుడైనా చేసుకోవచ్చు" అన్నారు పరబ్రహ్మంగారు.

"సార్, నా హాజరు?" అన్నాడు కూర్మారావు. "అందరి బొమ్మలూ నేను అందుకుంటున్నాను. నా బొమ్మ ఎవరు అందుకుంటారు?"

"పరిశీలిస్తాం" అన్నారు పరబ్రహ్మంగారు.

రెండోరోజు రాష్ట్ర కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. 'సదరు క్యాంపు సిబ్బంది అందరు కుడివైపునకు ఒరిగి ఉండుట గమనించడమైనది. ఇది నిర్లక్ష్యమా, ధిక్కారమా అను విషయమై తక్షణము సంజాయిషీ ఇవ్వవలెను.'

"అది మనుషుల తప్పు కాదు సార్" అన్నాడు కూర్మారావు. "క్యాంపులో ఉన్నది పాత కంప్యూటరు. దాని గడియారానికీ మన గడియారానికీ వెంట్రుకవాసి తేడా ఉంది. ప్రతి గీతా ఒక పిసరు పక్కకి జరుగుతోంది. కిందకొచ్చేసరికి బొమ్మ మొత్తం ఒరిగిపోతోంది. మన దగ్గర ఒక్క అంకె మారిస్తే నిటారైపోతుంది."

పరబ్రహ్మంగారు కుర్చీలోంచి లేచిపోయారు.

"హాజరు రికార్డు మారుస్తానంటావా? వచ్చింది వచ్చినట్టు ఉండాలి. మనుషుల్ని మార్చుకోవచ్చు. రికార్డుని మార్చకూడదు!"

ఒరుగుడు ఎంతో కొలిపించారు. పదకొండు డిగ్రీలు. మధ్యాహ్నానికల్లా క్యాంపుకి ఆర్డరు వెళ్ళింది. ఫోటో సమయంలో సిబ్బంది అందరూ ఎడమవైపుకి పదకొండు డిగ్రీలు ఒరిగి నిలబడాలి. ఎక్కువ ఒరిగినా తక్కువ ఒరిగినా మెమో.

కుసుమ జామెట్రీ పెట్టెలోని కోణమానిని తెచ్చి, ల్యాబు గోడమీద సున్నంతో ఏటవాలు గీత గీసింది. అందరూ ఆ గీతకి వీపు ఆనించి నిలబడాలి. సాయంత్రం రేడియోలో ఆమె గొంతు వినిపించింది.

"సార్, ఇక్కడ జీపు డ్రైవరు దాలినాయుడు మీతో మాట్లాడతాడట."

"బాబూ, నాను గొర్లె దాలినాయుణ్ణి. పద్దెనిమిదేళ్ళనుంచి జీపు తోల్తన్నాను. ఏనాడూ రోడ్డుమీంచి పక్కకి ఒరగలేదు. ఇయ్యాల ఇలాగ ఒంగోబెట్టీసినారు, నడుం పట్టీసినాది. ఎన్నాళ్ళు బాబూ ఇలాగ?"

"తాత్కాలికంగా" అన్నాడు కూర్మారావు. అని, తనకి తానే జాలిపడ్డాడు.

* * *

రెండో వారానికి రూలుమీద రూలు పుట్టుకొచ్చింది.

ఒక్కోసారి మధ్యలో తరంగం తెగిపోయి బొమ్మ సగమే వచ్చేది. దానికి పరబ్రహ్మంగారు స్వయంగా కూర్చుని నిబంధన రాశారు. తల వచ్చి కాళ్ళు రాకపోతే పొద్దుటిపూట హాజరు. కాళ్ళు వచ్చి తల రాకపోతే మధ్యాహ్నంపూట హాజరు.

"నడుం ఒక్కటే వస్తే సార్?"

"భోజన విరామం."

క్యాంపువాళ్ళు తెలివైనవాళ్ళు. దాలినాయుడు ఇంకా తెలివైనవాడు. తన బొమ్మ సగం వెళ్ళగానే బయట జీపు స్టార్టు చేయించేవాడు. ఆ పాత జీపు ఇంజను మోత కూతతోపాటు క్యాంపు రేడియో మైకులోకి దూరి, మిగతా సగం మంచు కురిసినట్టయ్యేది. ఒక పూట సెలవు దొరికేది. వారం తిరిగేసరికి జీపు చుట్టూ క్యూ తయారైంది.

ఇటు జిల్లా ఆఫీసులో ఇంకో తంటా. రేడియో కూతని కంప్యూటరు మైకుతోనే వింటోంది. గదిలో ఏ చప్పుడైనా బొమ్మలో గీతై కూర్చుంటుంది. రేడియోకీ కంప్యూటరుకీ మధ్య ఒక తీగ వేస్తే ఆ బాధ ఉండదని కూర్మారావు ఇండెంటు పెట్టాడు. 'ఆఫీసు పనికైనచో తీగ కొనవచ్చును. హాబీకి కొనుటకు నిబంధనలు అంగీకరించవు' అని అది తిరిగొచ్చింది.

కాబట్టి ఆఫీసులో నిశ్శబ్దం విధించారు. దగ్గకూడదు. కుర్చీ లాగకూడదు. ఫైళ్ళు దులపకూడదు, అది ఎలాగూ ఎవరూ చేసేవారు కాదు. అయితే ఒకనాడు పరబ్రహ్మంగారే పొడుం పీల్చి తుమ్మారు. ఆ తుమ్ముకి క్యాంపు గుమస్తా ముక్కు ఎగిరిపోయింది. నల్లటి గీత అడ్డంగా పడి, కళ్ళ కింద తిన్నగా మూతే మిగిలింది. రికార్డు మార్చకూడదు కదా. 'మీ ముక్కు విధులకు గైరుహాజరైన కారణము మూడు దినములలో తెలుపవలెను' అని పాపం ఆ గుమస్తాకే మెమో వెళ్ళింది.

ఈ గందరగోళంలోనే శనివారం దగ్గరపడింది. శుక్రవారం పొద్దున్నే కూర్మారావు కాగితం పట్టుకుని పరబ్రహ్మంగారి ముందు నిలబడ్డాడు.

"సార్, రేపు సాయంత్రం నాలుగు ముప్పై ఒకటినుంచి రెండే రెండు నిమిషాలు అనుమతి కావాలి. నా పన్నెండో బొమ్మ వస్తుంది."

"దేనికి?"

"నా హాబీకి సార్."

"డ్యూటీలో ఉండగానా?"

"డ్యూటీ కూడా హాబీయే కద సార్. మీరే ఆర్డరిచ్చారు."

పరబ్రహ్మంగారు కళ్ళు మూసుకుని ఆలోచించారు. "జాగ్రత్తగా విను. తనిఖీ మన హాబీ. బొమ్మలు పట్టడం ఇప్పుడు నీ డ్యూటీ. అంటే నువ్వు హాబీ మానేసి డ్యూటీ చేసుకుంటానని సెలవడుగుతున్నావు. ఇలాంటి విడ్డూరం నా సర్వీసులో చూడలేదు. ఇంతకీ ఆ ఆకాశంవాళ్ళు బొమ్మ పంపుతున్నది ప్రాపర్ చానల్ ద్వారానేనా?"

"తిన్నగా పైనుంచే వస్తుంది సార్."

"పైనుంచి అంటే? రాష్ట్ర కార్యాలయం నుంచా?"

"ఇంకా పైనుంచి సార్."

"ఇంకా పైన ఏమీ లేదు" అని పరబ్రహ్మంగారు కాగితం మీద అడ్డంగా గీత కొట్టారు.

* * *

ఆ సాయంత్రం కూర్మారావు రేడియోలో గొంతు తగ్గించి కుసుమకి అంతా చెప్పాడు.

"రేపు నాలుగు ముప్పై ఒకటికి ఎవరి వంతు వస్తుందమ్మా?"

అవతల కాగితం చప్పుడు. "నలభై ఒకటో నంబరు సార్. మన దాలినాయుడు."

"ఆ రెండు నిమిషాలూ నువ్వు ఏమీ పంపకుండా ఉండగలవా? నేను మీట తిప్పి పైబొమ్మ పట్టేస్తాను. ఆ వెంటనే వెనక్కి వచ్చేస్తాను."

"పంపడానికి అతనుంటే కద సార్! తోడల్లుడి కొత్తింట్లో భోజనమట, మధ్యాహ్నమే చెక్కేస్తున్నాడు. ఎలాగూ జీపు స్టార్టు చేయించే బాధ తప్పుతుంది." కుసుమ నవ్వింది. "కానీ సార్, డీడీగారు గదిలోకి వస్తే?"

"శనివారం సాయంత్రం ఆయన రారమ్మా. ఏ శనివారమూ రాలేదు."

శనివారం వచ్చింది. నాలుగు ఇరవై ఎనిమిదికి నలభయ్యో నంబరు బొమ్మ మొదలైంది. నాలుగు ముప్పైకి పూర్తయింది. కంప్యూటరు తనంతట తనే 'క్రమసంఖ్య 41: గొర్లె దాలినాయుడు, జీపు డ్రైవరు' అని తెరమీద పేరు వేసుకుని ఎదురుచూడసాగింది. కూర్మారావు చెయ్యి మీట మీదకి వెళ్ళింది. మెల్లగా తిప్పాడు. హోరు. ఇంకొంచెం తిప్పాడు.

కూత!

నాలుగు వందల కిలోమీటర్ల ఎత్తునుంచి, సన్నగా, స్వచ్ఛంగా, జలుబు లేని గొంతులాంటి కూత. తెరమీద మొదటి గీత పడింది. రెండోది పడింది. కూర్మారావు ఊపిరి బిగబట్టాడు.

వెనక తలుపు తెరుచుకుంది.

పరబ్రహ్మంగారు. సోమవారం రాష్ట్ర కార్యాలయానికి పంపే హాజరు ఎలా వస్తోందో చూద్దామని ఆయనకి ఆ శనివారమే బుద్ధి పుట్టింది. పిల్లిలా నడుచుకుంటూ వచ్చి కూర్మారావు భుజం మీదుగా తెరలోకి వంగారు.

తెరమీద తెల్లటి గుండ్రటి తల దిగుతోంది. దాని ముందు అద్దం. దాని కింద తెల్లటి భుజాలు.

"ఎవరిది?" గుసగుసగా అడిగారు.

కూర్మారావు తెరమీది పేరుకేసి చూశాడు. వేరే దారి లేదు. "దాలినాయుడు సార్."

"హెల్మెట్ పెట్టుకున్నాడే!"

"పెట్టుకున్నాడు సార్."

"జీపుకి కూడానా!" పరబ్రహ్మంగారి గొంతు గద్గదమైంది. "హెల్మెట్లమీద మనం సర్క్యులర్ పంపి నాలుగేళ్ళయింది. ఒక్కడు... ఒక్కడంటే ఒక్కడు... నిటారుగా కూడా ఉన్నాడు చూడు!"

ఉన్నాడు మరి. అంతరిక్ష కేంద్రం గడియారంలో తేడా లేదు.

"వెనకాల ఆ నీలం గుండు ఏమిటి?"

అది భూమి. "వాటర్ ట్యాంకు సార్" అన్నాడు కూర్మారావు.

సగం బొమ్మ దిగింది. ఇంకొక్క నిమిషం. అప్పుడు, ఆనందం పట్టలేక, పరబ్రహ్మంగారు జేబులోంచి పొడుం డబ్బీ తీసి ఒక పట్టు పీల్చారు.

ఆయన ముక్కుపుటాలు వెడల్పయ్యాయి. కళ్ళు అరమూతలు పడ్డాయి. నోరు మెల్లగా తెరుచుకుంటోంది. తెరమీద వ్యోమగామి ఛాతీ దాకా వచ్చాడు. ఒక్క తుమ్ము చాలు, మనిషి రెండు ముక్కలు!

కూర్మారావు ఆలోచించలేదు. కుర్చీలోంచి చప్పుడు లేకుండా లేచి, కుడిచేత్తో డిప్యూటీ డైరెక్టరు ముక్కు గట్టిగా పట్టుకున్నాడు. ఎడమచేత్తో నోరు మూశాడు.

పరబ్రహ్మంగారి కళ్ళు గుండ్రంగా తిరిగాయి. ముఖం వంకాయరంగుకి మారింది. కూత సాగుతోంది. నడుం. మోకాళ్ళు. ఇంకో పది సెకన్లు. బూట్లు. ఆఖరి గీత. కూత ఆగింది. కూర్మారావు చేతులు తీశాడు.

ఆ తుమ్ముకి కిటికీ మీది పావురాలు లేచిపోయాయి.

కూర్మారావు తల వంచుకుని సస్పెన్షన్ కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాడు. పరబ్రహ్మంగారు ముక్కు తుడుచుకున్నారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"ప్రాణాలకి తెగించి హాజరు రికార్డు కాపాడావయ్యా" అన్నారు.

కూర్మారావుకి పోయిన ప్రాణం తిరిగొచ్చింది. తెరకేసి తిరిగాడు. తెర ఖాళీగా ఉంది. అప్పుడు గుర్తొచ్చింది. బొమ్మ పూర్తవగానే తిన్నగా హాజరు ఫైల్లోకి వెళ్ళిపోతుంది. దాని పాస్‌వర్డు పరబ్రహ్మంగారి దగ్గర ఉంది.

"సార్... ఆ దాలినాయుడి బొమ్మ... ఒక కాపీ..."

"ఇంకొక ఉద్యోగి హాజరు నీకెందుకు? అది గోప్యం" అన్నారు పరబ్రహ్మంగారు.

ఆ సాయంత్రం మేకుకి హేమసుందరి తువ్వాలు తగిలించింది. కూర్మారావు తియ్యలేదు.

* * *

గురువారం రాష్ట్ర కార్యాలయం దాలినాయుడికి 'ఆదర్శ హాజరు పురస్కారం' ప్రకటించింది. ఆ ఫోటోని పెద్దదిగా అచ్చువేయించి, ఫ్రేము కట్టించి, కింద దాలినాయుడి పేరూ హోదా రాయించి, ముద్ర వేయించి, ఒక జాయింట్ డైరెక్టరు స్వయంగా పట్టుకొచ్చారు. జిల్లా ఆఫీసు హాల్లో సభ. కూర్మారావు మూలన నిలబడి, బల్లమీదున్న తన పన్నెండో బొమ్మని దూరం నుంచి చూస్తున్నాడు.

దాలినాయుడు ఉతికిన చొక్కా వేసుకుని, ఎడమవైపుకి కొంచెం ఒరిగి నడుచుకుంటూ వేదిక ఎక్కాడు. జాయింట్ డైరెక్టరు ఫోటోకేసి చూశారు. మనిషికేసి చూశారు.

"ఈయన దాలినాయుడు కాడు."

"నానే బాబూ. మా అమ్మ ఎట్టిన పేరు."

"రికార్డు ప్రకారం కాడు. రికార్డులో ఉన్నాయన నిటారుగా ఉన్నారు. తెల్లగా ఉన్నారు. ఈయనకి మొహం కూడా ఉంది."

పరబ్రహ్మంగారు ఒక్కరే తొణకలేదు. దాలినాయుణ్ణి పక్కగదిలోకి తీసుకెళ్ళారు. పావుగంటలో బయటికి తెచ్చారు. ఒంటికి ఉప్పు నింపే తెల్లసంచులు నాలుగు, తలమీద అద్దం ఉన్న హెల్మెట్, చేతులకి అటెండరు చలికాలం మేజోళ్ళు. వీపు వెనక, నిటారుగా నిలబెట్టడానికి, ఒక కర్ర.

"ఇప్పుడు సరిపోయింది" అన్నారు జాయింట్ డైరెక్టరు, చప్పట్ల మధ్య ఫ్రేము అందిస్తూ.

సంచుల్లోంచి దాలినాయుడి గొంతు వినిపించింది. "ఊపిరాడ్డం నేదు బాబూ!"

రికార్డులమీద అంత గురి కుదిరిన జాయింట్ డైరెక్టరు వెళ్తూ వెళ్తూ హాజరు ఫైలంతా తిరగేశారు. మర్నాడు కూర్మారావుకి మెమో వచ్చింది. 'గత మూడు వారములుగా తమ ఫోటో ఒక్కటియు అందలేదు. సదరు దినములలో తాము ఎక్కడ ఉన్నదీ, ఏమి చేయుచున్నదీ తెలుపవలెను.'

కూర్మారావు గంటసేపు ఆ కాగితాన్ని చూస్తూ కూర్చున్నాడు. తరవాత ఒకే ఒక్క వాక్యం రాసిచ్చాడు. 'హాబీలో ఉన్నాను.'

ఆర్డరు ప్రకారం అది తిరుగులేని జవాబు. మెమో మూసేశారు.

ఆపై వారం కొత్త సర్క్యులర్ వచ్చింది. ఫోటో హాజరు రద్దు. ఇకపై ఉద్యోగులు రోజూ అరికాలి ముద్ర వేసి పంపాలి. పరబ్రహ్మంగారు సిరా తెప్పించే పనిలో పడ్డారు. అదే నలుగురు మనుషులు యాంటెన్నా తెచ్చి కూర్మారావు డాబా మీద బిగించిపోయారు.

ఆ ఆదివారం పొద్దున్నే గుమ్మంలో దాలినాయుడు. చంకలో ఫ్రేము.

"కూర్మారావు బాబూ, ఇది నువ్వు ఉంచీసుకో. దేవుడి పక్కన ఎడితే మాయావిడ గొడవ. 'ఎవుడీ మనిసి, నీ మొకమేదీ' అంటాది. పూజ సేసుకోనివ్వదు."

కూర్మారావు రెండు చేతులతోనూ ఫ్రేము అందుకున్నాడు. హేమసుందరే ముందుకొచ్చి మేకుమీది తువ్వాలు తీసింది. పదకొండు బొమ్మల పక్కన పన్నెండోది ఎక్కింది. నల్లటి ఆకాశం, నీలం భూమి, తెల్లటి వ్యోమగామి. కింద ముద్రతో సహా 'గొర్లె దాలినాయుడు, జీపు డ్రైవరు. హాజరు: పూర్తి'.

"నీకేం కావాలి దాలినాయుడూ? ఏదైనా అడుగు" అన్నాడు కూర్మారావు.

దాలినాయుడు సిగ్గుపడ్డాడు. "ఇన్నాళ్ళు బొమ్మలు తీసినారు. ఒక్కదాన్లోనూ నాను సక్కగా రానేదు. ఒక్కపాలి నా మొకం నిటారుగా పంపు బాబూ. సూసుకోవాల."

కూర్మారావు అతన్ని డాబా మీదకి తీసుకెళ్ళాడు. గోడకి నిలబెట్టి ఫోటో తీశాడు. తన సొంత కంప్యూటరు గడియారం ఒకటికి రెండుసార్లు సరిచూశాడు. అవతల కుసుమ తన ఇంట్లో రేడియో పెట్టుకుని సిద్ధంగా ఉంది. కూత మొదలైంది. రెండు నిమిషాలు. పక్కింటివాళ్ళు కిటికీ మూసుకున్నారు.

"వచ్చిందా అమ్మా?"

"వచ్చింది సార్. చక్కగా వచ్చింది. వెనక గోడ నిటారు, తలుపు నిటారు, యాంటెన్నా గొట్టం నిటారు." అవతల కుర్చీ దగ్గరకి లాగిన చప్పుడు. "బొమ్మలో ఏ తప్పూ లేదు సార్. దాలినాయుడే ఎడమవైపుకి ఒరిగి ఉన్నాడు."

కూర్మారావు తల తిప్పి చూశాడు. దాలినాయుడు గోడ పక్కన, ఛాతీ విరుచుకుని, తను నిటారుగానే ఉన్నాననే ధీమాతో నిలబడి ఉన్నాడు. కొలవనక్కర్లేదు. పదకొండు డిగ్రీలు.